పర్లాకిమిడి రూములో వీగన్ స్మూతీ బౌల్: ఫ్రీజరు నుంచి చోడంబలి దాకా

స్మూతీ బౌల్ అంటే పళ్ళు చిక్కగా రుబ్బి, పైన గింజలు, అటుకులు లాంటివి చల్లి చెంచాతో తినేది. మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడిలో అద్దె రూము. ఈ పని ఎందుకు మొదలుపెట్టానో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పాలు నా కడుపుకి పడవు. రూమ్మేట్లు ఇద్దరిలో ఒకడు వీగన్, అంటే జంతువుల నుంచి వచ్చేది ఏదీ ముట్టడు. మిగతాదంతా లెక్కలు, తప్పులు, వాటి మరమ్మతులు. ఇదే పని ఎవరైనా చేసుకోవాలనుకుంటే నేను తగలేసిన సామాను వాళ్ళు తగలెయ్యకుండా ఉండాలని రాసి పెడుతున్నాను.

హద్దులు, సామాను

గిన్నె అంటే 350 మిల్లీలీటర్లు పట్టే స్టీలు గిన్నె. ఖర్చు 25 రూపాయలు దాటకూడదు. పాలు, పెరుగు, నెయ్యి, తేనె ఉండకూడదు. తాగేలా కాదు, చెంచాతో తినేలా ఉండాలి. పైన వేసినవి పైనే నిలబడాలి.

మిక్సీ అమ్మ దగ్గర్నుంచి తెచ్చుకున్న పాతది, 500 వాట్లు. ఇండక్షన్ పొయ్యి ఒకటి. ఫ్రిజ్ మాకు లేదు. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు పిన్నిగారు తన సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో, ఫ్రీజరు అరలో సగం వాడుకోమన్నారు.

తూకం కూడా లేదు. దానికి ఉపాయం: కొట్లో 100 గ్రాముల చోడిపిండి (రాగిపిండి) కట్టించుకుని, రూముకొచ్చి చెంచాతో కొలిచాను. పైన చదును చేసిన చెంచాలు 11 వచ్చాయి. అంటే చెంచాకి 9 గ్రాములు. వేరుశెనగ గుళ్ళకీ, అటుకులకీ ఇలాగే చేసి గోడ మీద పెన్సిల్‌తో రాసి పెట్టుకున్నాను.

చిక్కదనం కొలవడానికి మాత్రం ఒక పరీక్ష పెట్టుకోవాల్సి వచ్చింది. గిన్నె నింపి, పది వేయించిన వేరుశెనగ బద్దలు పైన పేర్చి, ఫోనులో ఐదు నిమిషాలు పెట్టి, ఎన్ని మునిగాయో చూడటం. పదికి రెండు దాటి మునిగితే ఆ గిన్నె ఫెయిల్. దీన్ని పది బద్దల పరీక్ష అంటాను.

మెట్టు 1: గడ్డకట్టిన అరటి (ఫిబ్రవరి 16 – మార్చి 1)

ఫిబ్రవరి 16. ఎక్కడ చూసినా ఒకటే మాట: అరటిపండు గడ్డకట్టించి మిక్సీలో వేస్తే ఐస్‌క్రీములా వస్తుంది. తొక్కతోనే నాలుగు పళ్ళు ఫ్రీజర్లో పెట్టాను. పొద్దున్నకి తొక్క నల్లబడి పండుకి అతుక్కుపోయింది. కత్తితో గీకితే సగం పండు తొక్కతో పోయింది.

ఫిబ్రవరి 18. ఈసారి తొక్క తీసి, ముక్కలు కోసి, అన్నీ ఒకే కవర్లో వేశాను. అవన్నీ కలిసి ఒక్క రాయి అయ్యాయి. ఆ రాయిని మిక్సీలో వేస్తే పది సెకన్లు గుర్రుమని ఆగిపోయింది. కాలిపోయిందనుకుని చెమటలు పట్టాయి. నిజానికి మోటారు మీద బరువు ఎక్కువైతే అదే ఆగిపోతుంది. అడుగున ఎర్ర బటన్ ఉంటుంది. పావుగంట చల్లారనిచ్చి అది నొక్కితే మళ్ళీ తిరుగుతుంది. తిరిగింది. నేను ఊరుకోకుండా మళ్ళీ అదే రాయి వేశాను. ఈసారి కప్లర్ పళ్ళు విరిగి ముక్కలై మిక్సీ జారు కింద రాలాయి.

కప్లర్ అంటే జారుకీ మోటారుకీ మధ్య ఉండే నల్లటి చక్రం. దుకాణంలో 70 రూపాయలు. బిగించే కూలి మిగుల్చుదామని నేనే కూర్చున్నాను. అరగంట తిప్పినా ఊడలేదు. కారణం: మా మిక్సీకి అది మామూలు మర కాదు, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. మోటారు తిరిగినకొద్దీ బిగుసుకోవడానికి అలా చేస్తారట. కింద ఇరుసు తిరక్కుండా స్క్రూడ్రైవరు అడ్డం పెట్టాలి. ప్లగ్గు తీసి ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

ఫిబ్రవరి 21. పద్ధతి మార్చాను.

1. మచ్చలు పడ్డ పళ్ళే తీసుకోవాలి. పచ్చగా ఉన్నవి గడ్డకట్టాక వగరు.
2. వేలెడు మందం ముక్కలు కోసి, ప్లేటు మీద ఒకదానికొకటి తగలకుండా పరచాలి.
3. ఎనిమిది గంటలు గట్టిపడ్డాకే కవర్లో వెయ్యాలి.
4. మిక్సీలో వేసే ముందు బయట ఐదు నిమిషాలు ఉంచాలి. ఒక్కసారిగా తిప్పకుండా మూడేసి సెకన్లు తిప్పి ఆపుతుండాలి.

ఇలా చేస్తే వచ్చింది. పది బద్దల్లో ఒక్కటీ మునగలేదు. గర్వంగా పైన తేనె పోశాను. రూమ్మేట్ గిన్నె వెనక్కి తోసేశాడు. తేనె తేనెటీగలది కదా! నేనే రాసుకున్న హద్దు నేనే మరిచిపోయాను. ఆ గిన్నె లెక్కలో వెయ్యలేదు.

ఫిబ్రవరి 24. గిన్నెలో నీచు వాసన. ఫ్రీజరు అరలో రెండో సగం పిన్నిగారి చేపలది. పల్చటి కవరు వాసనని ఆపదు. జిప్ కవర్లు 40 పెట్టి కొన్నాను, రెండేసి తొడిగాను, వాసన తగ్గింది గానీ పోలేదు. నాకది నవ్వులాట. వీగన్ వాడికి కాదు కదా.

ఫిబ్రవరి 27. మధ్యాహ్నం కరెంటు పోయి నాలుగున్నర గంటలు రాలేదు. ముక్కలన్నీ కరిగి గోధుమరంగు గుజ్జయ్యాయి. మళ్ళీ గడ్డకట్టిస్తే మంచు పలుకులు వచ్చాయి.

మార్చి 1. ఫ్రీజరు మీద ఆధారపడే దారి మూసేశాను. పండు మంచిదే, మిక్సీ పర్వాలేదు, నాది కాని ఫ్రీజరు, నా చేతిలో లేని కరెంటు. ఎండాకాలం ఇంకా ముందుంది.

ఖర్చు: అరటిపళ్ళు రెండు డజన్లు 100, కప్లర్ 70, జిప్ కవర్లు 40, కొబ్బరికాయ 40. మొత్తం 250. తినగలిగిన గిన్నెలు 3. గిన్నెకి 83 రూపాయలు. ఈ డబ్బుతో జ్యూస్ కొట్లో మర్యాదగా కూర్చుని తాగేవాళ్ళం.

మెట్టు 2: పాలు కాని పాలు (మార్చి 2 – మార్చి 9)

బాదం పాల సంగతి ఎత్తను, ధర చూసి వచ్చేశాను. మూడు రకాలు చేశాను.

కొబ్బరి పాలు: అరకాయకి 20 రూపాయలు, 250 మిల్లీలీటర్లు. రుచికి తిరుగులేదు, బడ్జెట్‌కే తిరుగుంది.

సోయా: 50 గ్రాములకి 6 రూపాయలు, అన్నిటికన్నా చవక. రాత్రంతా నానబెట్టి, రుబ్బి, వడకట్టి, కాచాలి. పచ్చిగా తాగకూడదు, బాగా మరిగించాల్సిందే. తంటా అక్కడే ఉంది. ఇంకా మరగకముందే నురగ పొంగి, మరిగిందేమో అనిపిస్తుంది. నేను అది చూసి దించేశాను, పచ్చి చిక్కుడు వాసన. రెండోసారి నురగ తీస్తూ ఇరవై నిమిషాలు కాచాను. వాసన సగం తగ్గింది, ఇండక్షన్ పొయ్యి మీద పొంగిన మరక మాత్రం ఇప్పటికీ ఉంది.

వేరుశెనగ: 50 గ్రాములకి ఏడున్నర రూపాయలు. మొదట పచ్చి గుళ్ళు నానబెట్టి రుబ్బితే మట్టి వాసన. రెండోసారి దోరగా వేయించి, పొట్టు నలిపి ఊదేసి, వేడినీళ్ళలో రెండు గంటలు నానబెట్టాను. వాసన పోయింది. పాత పంచె ముక్కలో వడకట్టాను, 300 నీళ్ళకి 270 దాకా పాలు దిగాయి. మిగిలిన పిప్పిలో పచ్చిమిర్చి, చింతపండు వేసి పచ్చడి చేసుకున్నాం. నిజం చెప్పాలంటే ఆ వారంలో అందరికీ నచ్చింది ఆ పచ్చడే.

మార్చి 7. తల తిరిగినట్టయింది. నాకు కావలసింది చిక్కదనం. చిక్కటి పిప్పిని పారేసి పల్చటి పాలని గిన్నెలో పోసి, మళ్ళీ చిక్కదనం కోసం వెతుక్కుంటున్నాను. వడకట్టడం మానేశాను. గుళ్ళని మొదట రెండు చెంచాల నీళ్ళతోనే రుబ్బాలి. నీళ్ళు ముందే పోస్తే గుళ్ళు బ్లేడు చుట్టూ ఈతకొడతాయి, నలగవు. వెన్నలా అయ్యాకే మిగతా నీళ్ళు. ఇలా అయితే గిన్నెకి 25 గ్రాములు చాలు. కొబ్బరి చట్నీ చేసేవాళ్ళందరికీ తెలిసిన సంగతే, నాకు వారం పట్టింది.

ఖర్చు: వేరుశెనగ అరకిలో 75, సోయా పావుకిలో 30, కొబ్బరికాయ 40. మొత్తం 145. ఇప్పటిదాకా 395. తినగలిగిన గిన్నెలు 5. గిన్నెకి 79.

మెట్టు 3: చిక్కదనం ఎక్కడినుంచి (మార్చి 10 – మార్చి 29)

అన్నిటికన్నా ఎక్కువ రోజులు ఇక్కడే పట్టాయి. ఐసు లేకుండా నిలబడే గిన్నె కావాలి.

మార్చి 10. ఓట్స్. నానబెట్టి రుబ్బితే జిగట, చెంచాకి తీగలు సాగింది. పది బద్దల్లో 4 మునిగాయి.

మార్చి 11. సబ్జా గింజలు. పావుగంటలో ఉబ్బాయి. కానీ గింజ చుట్టూ మాత్రమే జిగురు, మధ్యలో నీళ్ళు నీళ్ళే. 7 మునిగాయి. పైన చల్లుకోవడానికి బావుంటాయి, నిలబెట్టడానికి కాదు.

మార్చి 12. రాగి మాల్ట్ ప్యాకెట్ కొనబోయి, వెనక అచ్చు చదివితే అందులో పాలపొడి. అక్కడే పెట్టేసి, విడిగా కిలో చోడిపిండి తీసుకున్నాను. వీగన్ వంట అంటే సగం పని ప్యాకెట్ వెనక చదవడమే.

మార్చి 13. ఆలోచన ఇది: చోడంబలి చల్లారితే మీగడ కట్టి గట్టిపడుతుంది, గిన్నె వంచినా జారదు. పిండిలోని గంజిపదార్థం వేడికి నీళ్ళు పీల్చి ఉబ్బి, చల్లారాక వలలా అల్లుకుంటుంది. ఆ పని చెయ్యడానికి ఫ్రీజరు అక్కర్లేదు, కాలం చాలు. మరి దాన్నే అడుగుగా ఎందుకు వెయ్యకూడదు?

మొదటి ప్రయత్నం: మరిగే నీళ్ళలో పిండి పోశాను. ఉండలు. ఒక్కో ఉండ పైన ఉడికి లోపల పొడిపొడిగా ఉంది. చల్లటి నీళ్ళలో పిండి కలుపుకుని, అది మరిగే నీళ్ళలో పోస్తూ తిప్పాలి. మా అమ్మ రోజూ అలా చేస్తుంటే చూశాను, చేతికి రాలేదు.

మార్చి 14, 15, 16. 250 మిల్లీలీటర్ల నీళ్ళకి పిండి మార్చి మార్చి చూశాను. ఏడు నిమిషాలు ఉడికించి, మూడు గంటలు చల్లార్చి, పరీక్ష.

1. 2 చెంచాలు (18 గ్రాములు): తాగే అంబలి. పదికి పదీ మునిగాయి.
2. 3 చెంచాలు (27 గ్రాములు): 5 మునిగాయి.
3. 4 చెంచాలు (36 గ్రాములు): ఒకటి మునిగింది.
4. 6 చెంచాలు (54 గ్రాములు): ఏదీ మునగలేదు, చెంచా కూడా దిగలేదు. కత్తితో కోసి తిన్నాం.

నాలుగు చెంచాల దగ్గర ఆగాను. ఏడు నిమిషాల కన్నా తక్కువ ఉడికిస్తే పచ్చి పిండి వాసన మిగులుతోంది.

మార్చి 17. ఇక గెలిచినట్టే అనుకుని అంబలి, అరటి, వేరుశెనగ అన్నీ జారులో వేసి రెండు నిమిషాలు తిప్పాను. నీళ్ళు! 8 మునిగాయి. అదే కొలత, అదే అంబలి. రెండు రోజులు అర్థం కాలేదు. మిక్సీ బ్లేడు ఆ అల్లికని తెంపేస్తోందని 19న తెలిసింది. గట్టిపడ్డ అంబలిని ఎంతసేపు తిప్పితే అంత పల్చబడుతుంది, మోటారు వేడి అదనం. అప్పటినుంచి వరస ఇలా మార్చాను.

1. గుళ్ళు, బెల్లం, రెండు చెంచాల నీళ్ళు: వెన్నలా అయ్యేదాకా.
2. అరటి, పండు ముక్కలు: ముప్పై సెకన్లు.
3. అంబలి ఆఖర్న. మిక్సీ చెవిని వెనక్కి తిప్పి పట్టుకుని రెండే రెండు సార్లు, సెకను చొప్పున.

మునిగినవి: ఒకటి. ఈ డైరీ మొత్తంలో ఒక్క ముక్క గుర్తుంచుకోవాలంటే ఈ మూడో నెంబరే.

మార్చి 20. చల్లదనం. ఫ్రిజ్‌లో పెట్టొచ్చు గానీ చేపల సంగతి తెలిసిందే. వెడల్పు మట్టికుండలో ఇసుక పోసి తడిపి, మధ్యలో స్టీలు డబ్బా దింపి, పైన తడి గుడ్డ కప్పాను. ఎంత చల్లబడిందో కొలుద్దామని జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు పెట్టాను. 'లో' అని చూపించింది. అది 32 డిగ్రీల కన్నా కింద ఏదీ చెప్పదు. సరే, 32 కన్నా తక్కువ. నాలుకకి చల్లగానే ఉంది, ఐస్‌క్రీము చలి కాదు, కుండనీళ్ళ చలి. కిటికీ దగ్గర గాలి తగిలేచోట పెడితేనే పనిచేస్తుంది. గది మూలన పెట్టిన రోజు గుడ్డ ఆరలేదు, డబ్బా చల్లబడలేదు.

మార్చి 23. పొద్దున చెయ్యడానికి టైం చాలక రాత్రే అంబలి కాచి కుండలో పెట్టాను. పొద్దున్నకి పులిసింది. పాడైందని పారబోస్తుంటే పిన్నిగారు మెట్ల మీంచి చూసి, "అదేంటి బాబూ, అంబలి పులిస్తేనే కదా అంబలి!" అన్నారు. చెంచా నాకి చూశాను. పెరుగు లేకుండా పెరుగు పులుపు. అరటి తీపికి అది తగిలేసరికి ఇన్నాళ్ళూ ఏదో తక్కువైందనిపించింది ఏమిటో తెలిసింది. మా ఇంట్లో అంబలిలో మజ్జిగ పోస్తారు. మజ్జిగ తీసేస్తే ఏం పొయ్యాలా అని నేను నిమ్మకాయల దగ్గర ఆలోచిస్తుంటే, అది దానంతటదే పులిసి కూర్చుంది.

రుచి చూశాక పిన్నిగారి రెండో మాట: "చోడంబలికి ఇంగ్లీషు పేరెట్టి తింతన్నారా?" ఒడియా రూమ్మేట్ అయితే, ఇది మాండియా జావు, మా ఊళ్ళో పొలానికి వెళ్ళేముందు తాగుతారు అన్నాడు. పేరు మీద కాసేపు గొడవైంది. వాడుక భాషలో రాయమని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిది. అందరూ 'బౌల్' అంటుంటే నేను ఇంకేదో పేరు పుట్టించడం ఎందుకని బౌలే ఉంచాను.

ఖర్చు: చోడిపిండి కిలో 60, ఓట్స్ 50, సబ్జా 30, కుండ, మూత కలిపి 100, అరటిపళ్ళు డజను 50. మొత్తం 290. ఇసుక పక్కింటి కట్టుబడి దగ్గర అడిగి తెచ్చుకున్నది. ఇప్పటిదాకా 685. తినగలిగిన గిన్నెలు 14. గిన్నెకి 49.

మెట్టు 4: పళ్ళు (మార్చి 30 – ఏప్రిల్ 15)

మార్చి 30. బొప్పాయి. కిలో 40, ఏ గొడవా లేదు. బాగా పండినదే తీసుకోవాలి.

ఏప్రిల్ 2. కొండల మీంచి సంతకి వచ్చే అనాస, చిన్నది 35. వాసనకే పడిపోయి రెండు కొన్నాను. చేసిన వెంటనే తిన్న గిన్నె అద్భుతం. రూమ్మేట్ కోసం మూతపెట్టి ఉంచిన గిన్నె నలభై నిమిషాల తర్వాత చేదు. కుండ కడగలేదని వాడన్నాడు, పండు తప్పని నేనన్నాను. మర్నాడు రెండు గిన్నెలు పెట్టి చూశాను, ఒకదాంట్లో వేరుశెనగ లేకుండా. అది చేదెక్కలేదు. పచ్చి అనాసలో బ్రోమిలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది మాంసకృత్తుల్ని ముక్కలు చేస్తుంది, ఆ ముక్కల్లో కొన్ని చేదుగా ఉంటాయి. వేడికి అది చచ్చిపోతుంది. మూడోసారి అనాస ముక్కల్ని బెల్లంతో ఐదు నిమిషాలు ఉడికించి చల్లార్చి వేశాను. గంట ఉంచినా చేదు రాలేదు. తాజా వాసన కొంత పోయింది, బదులుగా పాకం రుచి వచ్చింది. వెంటనే తినేట్టయితే పచ్చిది, డబ్బాలో కాలేజీకి పట్టుకెళ్ళేట్టయితే ఉడికించింది.

ఏప్రిల్ 9. ఎండ ముదిరింది. రాత్రి పదింటికి పెట్టిన అంబలి మధ్యాహ్నం పన్నెండింటికి తీస్తే పులుపు కాదు, కుళ్ళు వాసన, పైన నురగ. పారబోశాను. మార్చిలో 9 గంటలు ఆగింది, ఏప్రిల్లో 6 దాటనివ్వను. తీగ సాగినా, రంగు మచ్చలు కనిపించినా రుచి కూడా చూడొద్దు, రెండు రూపాయల పిండే కదా.

ఏప్రిల్ 14. పణా సంక్రాంతి, ఒడియా వాళ్ళ కొత్త సంవత్సరం. వీధి వీధినా బేల్ పణా (మారేడు పానకం) పోస్తున్నారు. మారేడు పండు గుజ్జు సహజంగానే చిక్కన, పైగా ఆ వాసన! ఇరవై రూపాయలకి ఒకటి కొని, పగలగొట్టి, గుజ్జు మొత్తం మిక్సీలో వేశాను. విషంలా చేదు. గింజలు నలిగాయి. పిన్నిగారు తల పట్టుకుని, "మారేడు మిక్సీలో వెయ్యరు బాబూ, నీళ్ళు పోసి చేత్తో పిసికి, గింజ నలక్కుండా వడగట్టాలి" అన్నారు. ఇంకో ఇరవై. ఈసారి గంట నానబెట్టి, చేత్తో పిసికి, చిల్లుల గిన్నెలో వడకట్టాను. గింజ చుట్టూ ఉండే జిగురు వల్ల కాబోలు, మూడు చెంచాల చోడిపిండితోనే గిన్నె నిలబడింది. మునిగినవి సున్నా. పండగ పణాలో పాలు, ఛెనా (పాలు విరిచి తీసే పన్నీరు లాంటిది) కలుపుతారు గనుక మా వాడు వీధిలో తాగలేకపోయాడు, రూములో రెండు గిన్నెలు లాగించాడు.

ఖర్చు: అనాస రెండు 70, బొప్పాయి కిలోన్నర 60, మారేడు రెండు 40, అరటిపళ్ళు రెండు డజన్లు 100, బెల్లం అరకిలో 35. మొత్తం 305. ఇప్పటిదాకా 990. తినగలిగిన గిన్నెలు 26. గిన్నెకి 38.

మెట్టు 5: పైన వేసేవి (ఏప్రిల్ 16 – మే 1)

గ్రానోలా (వేయించిన ఓట్స్, గింజల మిశ్రమం) ప్యాకెట్ ధరకి మాకు పది గిన్నెలు వస్తాయి, కాబట్టి అది లేదు.

మరమరాలు: రెండు నిమిషాల్లో మెత్తబడి దూదయ్యాయి. బెల్లం పాకం పట్టించి చూశాను. పాకం ముదిరి, అరగంటలో అన్నీ కలిసి ఒక ఉండ అయ్యాయి. ఉండ బావుంది. విడిగా తినేశాం.

మందపాటి అటుకులు: నూనె లేకుండా మూకుట్లో సన్నసెగన ఆరు నిమిషాలు వేయిస్తే పటపటలాడాయి. గిన్నెలో ఎనిమిది నిమిషాల దాకా కరకర మిగిలింది. కాలేజీకి పట్టుకెళ్ళేటప్పుడు విడిగా కాగితంలో పొట్లం కట్టాలి.

జీడిపప్పుకి పేరున్న పలాస దగ్గర్లోనే కదా అని జీడినూక 100 గ్రాములు 70కి తెచ్చాను. రుచికి వంక లేదు. కానీ గిన్నెకి పది గ్రాములేసినా ఏడు రూపాయలు, గిన్నె లెక్క 25 దాటిపోతుంది. పుట్టినరోజులకి దాచాం. బదులు నువ్వులు దోరగా వేయించి ఒక చెంచా.

కొబ్బరి: చిన్న ముక్కలు కోసి మాడకుండా వేయించాలి. కాయకి పది గిన్నెలు.

సరుకులకి ఓ రోజు ఆటోలో సరిహద్దు దాటి పాతపట్నం కూడా వెళ్ళి చూశాను. వేరుశెనగలో కిలోకి నాలుగైదు రూపాయల తేడా, ఆటో ఛార్జీ అంతకన్నా ఎక్కువ. మళ్ళీ వెళ్ళలేదు.

ఖర్చు: అటుకులు అరకిలో 30, మరమరాలు 20, కొబ్బరికాయలు రెండు 80, నువ్వులు 100 గ్రాములు 20, జీడినూక 70, వేరుశెనగ అరకిలో 75, చోడిపిండి కిలో 60, అరటిపళ్ళు డజను 50, బొప్పాయి కిలో 40. మొత్తం 445. ఇప్పటిదాకా 1435. తినగలిగిన గిన్నెలు 41. గిన్నెకి 35. మొదట్లో తగలేసినదంతా ఇందులోనే ఉంది.

ఇప్పుడు నడుస్తున్న కొలత, ఒక గిన్నెకి

- చోడిపిండి 4 చెంచాలు (సుమారు 35 గ్రాములు): 2.10
- మచ్చలు పడ్డ అరటిపండు 1: 4.20
- బొప్పాయి, తొక్కతో 100 గ్రాములు: 4.00
- వేయించిన వేరుశెనగ 25 గ్రాములు: 3.75
- బెల్లం 15 గ్రాములు: 1.05
- వేయించిన అటుకులు 15 గ్రాములు: 0.90
- కొబ్బరి, కాయలో పదో వంతు: 4.00
- నువ్వులు 5 గ్రాములు: 1.00
- కరెంటు, పిన్నిగారు యూనిట్‌కి 6 చొప్పున తీసుకునే లెక్కలో: 1.00

మొత్తం 22 రూపాయలు.

1. రాత్రి పడుకునే ముందు చోడిపిండిని అర గ్లాసు చల్లటి నీళ్ళలో ఉండల్లేకుండా కలపండి. మిగతా నీళ్ళు మరిగించి (అన్నీ కలిపి 250 మి.లీ.) అందులో పోస్తూ తిప్పండి. ఏడు నిమిషాలు.
2. మూతపెట్టి కుండలో దింపండి. ఎండల్లో ఆరు గంటలకి మించొద్దు. పొద్దున త్వరగా లేవలేనివాళ్ళు ఫ్రిజ్ వెతుక్కోవాలి.
3. గుళ్ళు, బెల్లం ముందు. పళ్ళు తర్వాత. అంబలి ఆఖర్న, రెండు తిప్పులు.
4. గిన్నెలో పోసి రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, ఆ తర్వాతే పైవి వెయ్యండి. వెంటనే వేస్తే రెండు మూడు మునుగుతాయి.

రంగు గురించి ముందే చెప్తున్నాను. ఫోటోల్లో కనిపించే గులాబీ, ఊదా రంగులు రావు. చోడిపిండి రంగే వస్తుంది, తడిసిన ఇటుకలా. బీట్‌రూట్ ముక్క వేసి చూశాను, రంగొచ్చింది, మట్టి వాసనా వచ్చింది.

చోళ్ళలో 100 గ్రాములకి 340 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది, అంటే గిన్నెలోని పిండి ఒక్కటే 120 దాకా ఇస్తుంది. పాలు మానేసిన వాడికి అది పనికొచ్చే సంగతే. అయితే బి12 విటమిన్ ఇందులో లేదు, మొక్కల నుంచి వచ్చే మామూలు తిండి దేంట్లోనూ ఉండదు. మా వీగన్ రూమ్మేట్ దానికి విడిగా మాత్ర వేసుకుంటాడు.

మే 2

సెలవులు. పనస దిగుతోంది, తొనలు వేసి ఒక్కసారే చూశాను: నార బ్లేడుకి చుట్టుకుంది, 3 మునిగాయి, వాసన రెండు రోజులు జారుని వదల్లేదు. దాని సంగతి జులైలో చూడాలి, ఎండిన తొనలు దొరికితే.

కుండ పిన్నిగారికి ఇచ్చేశాను, మంచినీళ్ళకి వాడుకుంటారట. మిక్సీ సంచిలో సర్దాను. అమ్మకి తిరిగివ్వాలి. కప్లర్ నల్లగా కొత్తగా మెరుస్తోంది, మోటారేమో పదేళ్ళ పాతది. బస్సు శ్రీకాకుళం చేరేలోపు ఏదో ఒకటి అనుకోవాలి.